గోడ మీద పిల్లి ఎవరు? తటస్థ ఓటరు, ఉచితాలు, ఒక వాట్సాప్ నోటీసు

తెనాలి_కొట్టు
మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మొన్న రెండు వాక్యాలు రాశాను. "ఆడవాళ్లకి ఉచిత బస్సు మంచిదే, మా కొట్లో పనిచేసే అమ్మాయికి నెలకి వెయ్యి దాకా మిగులుతోంది. కానీ మంగళవారం మంగళవారం తెస్తున్న అప్పు ఎవరు తీరుస్తారు?" ఇంతే. అరగంటలో ఒకాయన నన్ను టీడీపీ పచ్చ బ్యాచ్ అన్నాడు, ఇంకొకాయన వైసీపీ పేటీఎం బ్యాచ్ అన్నాడు. ఎదురు ఫ్లాటాయన మాత్రం "గోడ మీద పిల్లి" అన్నాడు. మొదటి రెండూ పట్టించుకోలేదు గానీ ఇది గుచ్చుకుంది. 2014లో ఒకరికి వేశాను, 2019లో ఇంకొకరికి, 2024లో మళ్లీ మార్చాను. మూడుసార్లూ ఆలోచించే వేశాను. దీన్ని పిల్లివాటం అంటారా? ఇక్కడ అయినా తిట్టకుండా చెప్పండి.

నోటా_నారాయణ
పిల్లికి కనీసం గోడ ఉంది. నాకు అదీ లేదు.

గుంటూరు_ఘాటు
తటస్థులం అని చెప్పుకునేవాళ్లంతా లోపల ఒక పార్టీని దాచుకుని ఉంటారు. మొదటి వాక్యం చదివితే చాలు, ఎవరో తెలిసిపోతుంది.

తెనాలి_కొట్టు
చదివావుగా. నాది ఏ పార్టీ?

గుంటూరు_ఘాటు
మొదటి వాక్యానికి ఒకటి, రెండో వాక్యానికి ఇంకొకటి. అందుకే పిల్లి అన్నారు :)

లెక్కల_మాస్టారు
పిల్లులు లేకపోతే ఈ రాష్ట్రంలో ప్రభుత్వాలే మారవు. 2019లో వైసీపీకి దాదాపు 50 శాతం ఓట్లు, 151 సీట్లు. 2024లో 39 శాతం పైచిలుకు, 11 సీట్లు. ఐదేళ్లలో పది శాతం ఓటు కదిలింది. ఆ కదిలినవాళ్లు ఎవరు? జెండా మోసేవాళ్లు కాదు, వాళ్లు చచ్చినా మారరు. 2014లో టీడీపీ, బీజేపీ కూటమికీ వైసీపీకీ మధ్య తేడా రెండు శాతం దరిదాపుల్లోనే. తెలంగాణలో 2023లో కూడా అంతే, కాంగ్రెస్‌కి 39 పైన, బీఆర్‌ఎస్‌కి 37 పైన. సీట్లు మాత్రం 64, 39. ఆ రెండు శాతమే ప్రభుత్వాన్ని మార్చింది.

గుంటూరు_ఘాటు
మాస్టారూ, 2024లో పొత్తు ఉంది. 2019లో విడివిడిగా పోటీ చేసిన ఓట్లు కలిశాయి. కదిలిందేమీ లేదు, కలిసింది.

లెక్కల_మాస్టారు
కలిపినా చూడు. 2019లో టీడీపీ 39, జనసేన ఐదున్నర, బీజేపీ ఒకటి లోపు. మొత్తం 45 అనుకో. 2024లో కూటమికి 55 వచ్చింది. ఆ పది ఆకాశం నుంచి ఊడిపడిందా? పొత్తు వల్ల ఓట్లు చీలకుండా నిలబడ్డాయి, ఒప్పుకుంటా. కానీ మీ వైసీపీకి తగ్గిన పదీ పొత్తు వల్ల తగ్గలేదు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పాను నాయనా, తీసివేత నాకు వచ్చు.

కూకట్‌పల్లి_కోడర్
మాస్టారి లెక్క బాగుంది. నా గోల వేరు. తటస్థ ఓటరు అనగానే టీవీల్లో నాలాంటి ఐటీవాడిని చూపిస్తారు. 2009లో మా కూకట్‌పల్లి నుంచి లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ గెలిచారు. మొత్తం ఉమ్మడి రాష్ట్రంలో ఆ పార్టీకి అదొక్కటే సీటు. అందరూ మెచ్చుకున్నారు, ఎవరూ ఓటెయ్యలేదు. అదే ఎన్నికలో ప్రజారాజ్యానికి 18 వచ్చాయి, 2011లో అది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మధ్యలో నిలబడ్డ పార్టీకి మన దగ్గర బతుకు లేదు. ఇక ఉచితాలంటారా, పన్ను కట్టేది మేం, పంచేది వాళ్లు.

పాలమూరు_కౌలు
అన్నా, నువ్వొక్కడివే కడుతున్నవా పన్ను? నా ఫోన్ రీచార్జి మీద 18 శాతం జీఎస్టీ. బండిలో పెట్రోలు పోయించుకుంటే వ్యాట్, మన రెండు రాష్ట్రాల్లో అది ఎంతుంటదో తెల్సు కదా. సాయంత్రం మా నాయన క్వార్టర్ తాగితే సగం సర్కారుకే. ఇన్‌కంట్యాక్స్ ఒక్కటే పన్ను కాదు.

నోటా_నారాయణ
అంటే మీ నాయనగారు రాష్ట్రాన్ని పోషిస్తున్నారన్నమాట.

పాలమూరు_కౌలు
రోజూ. ఆదివారం డబుల్.

కూకట్‌పల్లి_కోడర్
సరే, మాట వెనక్కి తీసుకుంటున్నా. పన్ను అందరూ కడతారు. కానీ రైతుబంధు సంగతేంటి? మా మేనమామకి కొంపల్లిలో ఇల్లు, ఊళ్లో ఇరవై ఎకరాలు. పొలం మొహం చూసి పదేళ్లయింది. 2018లో మొదలైనప్పుడు ఎకరానికి పంటకి 4000, తర్వాత 5000. ఇరవై ఎకరాలకి లెక్కేసుకోండి. అది పేదవాడికి సాయమా?

పాలమూరు_కౌలు
ఇగో ఇప్పుడు నువ్వు నా మాట మాట్లాడినవ్. ఆ ఇరవై ఎకరాల్లాంటి భూమి దున్నేది నేను. కౌలుకి. నాకు రూపాయి రాలే. పట్టా పాసుపుస్తకం ఎవరి పేరు మీదుంటే పైసలు వాళ్ల ఖాతాలకే పోయినయ్. పంట పోతే నష్టం నాది, సాయం ఆయనది. నేను పథకం వద్దంటలేను, దున్నేవాడికి ఇయ్యమంటున్న. ఇట్ల అంటే ఊళ్లో ఒకరు కాంగ్రెసోడు అంటరు, ఇంకొకరు బీఆర్‌ఎస్ గులాబోడు అంటరు. 2023లో ఎవరికేసిన్నో చెప్ప. మా ఇంట్ల కూడా చెప్పలే.

ఆడిటర్_అమ్మాజీ
వృత్తి వల్ల మాట్లాడాలనిపించి వచ్చాను. మంగళవారం అప్పు అని తెనాలి గారు రాశారు కదా, అది పేపర్ల ఎగతాళి కాదు. రాష్ట్రాల బాండ్లను రిజర్వు బ్యాంకు మామూలుగా మంగళవారం వేలం వేస్తుంది. అన్ని రాష్ట్రాలూ అక్కడే తీసుకుంటాయి, అప్పు చెయ్యడం తప్పు కాదు. 2003లో కేంద్రం లోటుకి హద్దు పెట్టే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం తెచ్చాక రాష్ట్రాలూ తమ చట్టాలు చేసుకున్నాయి, మామూలుగా లోటు రాష్ట్ర ఆదాయంలో 3 శాతం లోపు ఉండాలి. ఆ ఆదాయం అంటే ఖజానాకి వచ్చేది కాదు, రాష్ట్రంలో ఏడాదికి జరిగే మొత్తం ఉత్పత్తి విలువ. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, కార్పొరేషన్ పేరుతో అప్పు తెచ్చి బడ్జెట్లో చూపించకపోవడం దగ్గర. కట్టేది మాత్రం ఖజానా నుంచే. దాన్ని కూడా రాష్ట్రం అప్పుగానే లెక్కగడతామని కేంద్రం 2022లో చెప్పాక కొంత తగ్గింది.

జీతాలు, పింఛన్లు, పాత అప్పుల వడ్డీ ముందు వెళ్లిపోతాయి. అవి ఆపలేరు. మిగిలిందాంట్లోనే పథకాలు, అదే మిగులులో కాలవలు, రోడ్లు, బడి గదులు. అందుకని పథకం పెరిగితే ముందు ఆగేది కాంట్రాక్టరు బిల్లు, తర్వాత మీ ఊరి రోడ్డు. నా క్లయింట్లలో చిన్న కాంట్రాక్టర్లు ఉన్నారు. బిల్లు రాక ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లు కూడా. ఏ ప్రభుత్వంలో అని అడక్కండి. రెండింటిలోనూ.

బెజవాడ_ఆటో
నాది ఆటో. ఫ్రీ బస్సు వచ్చాక బెంజి సర్కిల్ దగ్గర ఆడవాళ్లు ఎక్కడం మానేశారు. మా ఆవిడ కూడా బస్సులోనే వెళ్తోంది, ఏమంటాను? 2025 అక్టోబరులో ఆటోవాళ్లకి 15,000 ఇచ్చారు, తీసుకున్నాను. ఒక పథకంతో పోయింది, ఇంకో పథకంతో కొంచెం వచ్చింది. నన్ను ఏ లెక్కలో వేస్తారో ఆడిటర్ గారే చెప్పాలి.

ఆడిటర్_అమ్మాజీ
మిమ్మల్ని వేసే గడి నా దగ్గర లేదు తమ్ముడూ.

డల్లాస్_బాబాయ్
ఇక్కడి నుంచి చూస్తుంటే బాధేస్తుంది. ఉచితాలతో జనాన్ని సోమరులని చేస్తున్నారు. ప్రధాని 2022 జూలైలో ఉచితాలని "రేవడీ", అంటే పంచిపెట్టే మిఠాయి, అన్నది అందుకే.

లెక్కల_మాస్టారు
బాబాయ్, 1983లో రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు కూడా ఇదే మాట. రాష్ట్రం దివాలా తీస్తుందని చదువుకున్నవాళ్లంతా అన్నారు, నేనూ అన్నాను. 2013లో ఢిల్లీ ఆహార భద్రతా చట్టం చేసి కిలో మూడు రూపాయలకే హక్కుగా ఇచ్చింది. 2023 నుంచి అదే బియ్యం పూర్తిగా ఉచితం, రేవడీ మాట అన్న ప్రభుత్వమే ఇస్తోంది. రైతుబంధు 2018లో వచ్చింది, 2019 బడ్జెట్లో పీఎం కిసాన్ వచ్చింది. ఇక్కడ తాయిలం అని నవ్వింది అక్కడికి వెళ్లేసరికి విధానం అయింది.

సీమ_సీమటపాకాయ్
ఇంకొకటి కూడా చెప్పు మాస్టారూ. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ఆర్థిక మంత్రే చెప్పారు. దాన్ని ప్రోత్సాహం అన్నారు. మా అవ్వకి 4000 పింఛను ఇస్తే మాత్రం ఉచితం. మా అవ్వ సోమరి కాదు బాబాయ్, 78 ఏళ్లు, మోకాళ్లు లేవవు.

డల్లాస్_బాబాయ్
అవ్వ గురించి అనలేదమ్మా. పింఛను వేరు.

సీమ_సీమటపాకాయ్
ఎవరింట్లోది వాళ్లకి వేరే బాబాయ్.

ఆడిటర్_అమ్మాజీ
కంపెనీల పన్ను మాట నిజమే, కానీ రెండూ ఒకటే అంటే ఒప్పుకోను. పన్ను తగ్గిస్తే పెట్టుబడి వస్తుందని ఒక అంచనా, అది ఎంత ఫలించిందో విడిగా తగువులాడుకోవచ్చు. పింఛను పెట్టుబడి కాదు, బాధ్యత. బాధ్యతని బాధ్యత అని చెప్పి బడ్జెట్లో చూపిస్తే గొడవ లేదు. "సంపద సృష్టించి ఇస్తాం" అని చెప్పి అప్పు తెచ్చి ఇవ్వడం దగ్గరే నాకు మంట.

వరంగల్_వాణి
పై మాటకి నా ఓటు. నేనూ ఏ జెండా పట్టలేదు, కానీ నోరు తెరిచి చాలా రోజులైంది. కారణం చెప్తాను. మా అక్క కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ఎవరో చేసిన కార్టూను, రోడ్డు గుంతలో నాయకుడు పడవ నడుపుతున్నట్టు, అది వాడు ఫార్వర్డ్ చేశాడు. వారం తర్వాత వాట్సాప్‌లో నోటీసు. స్టేషన్‌కి రమ్మని. ఏ ఊరో, ఏ స్టేషనో వద్దు. అక్క రెండు రాత్రులు నిద్రపోలేదు. వాడు ఫోన్లో అన్నీ తీసేసి, ఇప్పుడు పండగ శుభాకాంక్షలు కూడా పెట్టడం లేదు.

ప్లీడర్_గుమాస్తా
వాణి గారూ, ముందు మీ అక్క గారికి ఇది చెప్పండి. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే సరిపోదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. చట్టం చెప్పిన పద్ధతిలోనే అందజెయ్యాలి. పోలీసులు హాజరు కమ్మని ఇచ్చే ఈ నోటీసు పాత సీఆర్‌పీసీలో 41ఎ, ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 35(3). అలాగని పట్టించుకోకుండా కూర్చోవద్దు, వకీలుని పెట్టుకుని రాతపూర్వకంగా జవాబివ్వండి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చెయ్యకూడదని అర్నేశ్ కుమార్ తీర్పు 2014 నుంచీ ఉంది. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో ఇంకొకటి చెప్పింది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే మాటల నేరాల్లో ఎఫ్‌ఐఆర్ కట్టే ముందు ప్రాథమిక విచారణ చేసుకోవడం సబబని. ఆ కేసు ఒక కవిత మీద.

నోటా_నారాయణ
కవిత మీద కేసా? మా ఆఫీసు ఉగాది కవి సమ్మేళనం మీద ఎన్ని పెట్టొచ్చో.

గుంటూరు_ఘాటు
వాణి గారూ, ఆ కుర్రాడిది ఫార్వర్డే కావచ్చు. కానీ సోషల్ మీడియాలో ఇళ్లలో ఆడవాళ్లని ఎంత నీచంగా రాశారో మర్చిపోయారా? కేసులు పెట్టకపోతే ఆగుతారా?

వరంగల్_వాణి
మర్చిపోలేదు. నా ఫోటోకే మాటలు కట్టారు ఒకసారి, ఒక కార్యకర్తతో వాదించినందుకు. ఫిర్యాదు ఇస్తే "మీరెందుకమ్మా వాదిస్తారు" అన్నారు. బొమ్మ గీసినవాడిని వారంలో పట్టుకున్నారు, బూతు రాసినవాడిని పట్టుకోలేదు. నా ఏడుపు అదే.

ప్లీడర్_గుమాస్తా
బూతుకి చట్టం ఎప్పుడూ ఉంది. ఐటీ చట్టంలో 67వ సెక్షన్ అలాగే ఉంది, ఆడవాళ్లని వెంటాడి వేధించేవాళ్ల మీద భారతీయ న్యాయ సంహితలో సెక్షన్లున్నాయి. ఐటీ చట్టంలో సుప్రీంకోర్టు కొట్టేసింది ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలు అనే 66ఎ ఒక్కటే, 2015 మార్చి 24న, శ్రేయా సింఘాల్ కేసులో. 2012లో శివసేన నేత బాల్ ఠాక్రే అంత్యక్రియలప్పుడు ముంబై ఎందుకు మూసేశారని పాల్ఘర్‌లో ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. అక్కడి నుంచి మొదలైంది. విచిత్రం ఏంటంటే కొట్టేసిన సెక్షన్ కిందే ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కేసులు కట్టారు, 2021లో సుప్రీంకోర్టే విస్తుపోయింది.

గుంటూరు_ఘాటు
మా వాళ్ల మీద పెట్టినప్పుడు మీరంతా ఎక్కడున్నారు?

ప్లీడర్_గుమాస్తా
కోర్టు వరండాలో. మీ వాళ్ల వకాల్తా కూడా మా ఆఫీసులోనే టైపు చేశాను. అంతకు ముందు ఐదేళ్లూ అవతలి వాళ్ల వకాల్తాలు చేశాను. సెక్షన్ల నంబర్లు మారాయి, సంతకాలు మారాయి, ఫీజు మాత్రం పెరగలేదు.

బెజవాడ_ఆటో
హహ. మా మీటరు కూడా అంతే.

పాతబస్తీ_పావురం
ఒక పాత సంగతి. 2000 ఆగస్టు 28, బషీర్‌బాగ్. కరెంటు చార్జీలు పెంచినందుకు చలో అసెంబ్లీ, కాల్పులు. నేను ఇంటర్ విద్యార్థిని, లిబర్టీ దగ్గర ఇరుక్కుపోయాను, చెప్పుల జతలో ఒకటి పోయింది. విద్యుత్ సంస్కరణలు మంచివా కాదా అనేది ఆర్థికం. దాని మీద రోడ్డెక్కనిస్తారా లేదా అనేది ఇంకోటి. జనానికి ఈ రెండూ ఒకే గాయం అయిపోయాయి. కరువు కూడా తోడైంది. 2004 మే 14న వైఎస్ మొదటి సంతకం ఉచిత కరెంటు ఫైలు మీద. ఆ తర్వాత ఏ పార్టీ కూడా రైతు కరెంటు జోలికి పోలేదు. పొమ్మని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, మీటరు పెడతామంటేనే ఎంత గొడవ అయిందో చూశాం.

కూకట్‌పల్లి_కోడర్
ఇది ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. మాట్లాడనిచ్చి ఉంటే సంస్కరణకి ఒక మధ్య దారి దొరికేదేమో.

పాతబస్తీ_పావురం
దొరికేదో లేదో. కనీసం నా చెప్పు దొరికేది.

డల్లాస్_బాబాయ్
అయితే నా ప్రశ్న ఒకటి. తటస్థులు ఎందుకు బయటికి చెప్పరు? ఇక్కడ ఇంటి ముందు బోర్డు పెట్టుకుంటారు, ఫలానా అభ్యర్థికి ఓటు అని. అక్కడ ఓటు రహస్యమే కదా, భయం దేనికి?

పాలమూరు_కౌలు
నీ ఓటు రహస్యం బాబాయ్, మా ఊరి ఓటు రహస్యం కాదు. మాకు ఒక్కటే బూత్, వెయ్యి లోపు ఓట్లు. లెక్కింపు బూత్ వారీగా అయితది. ఎవరికి ఎన్ని పడ్డయో ఫలితం రోజే నాయకుడి చేతిలో కాగితం ఉంటది. రెండో రోజు నుంచి మా ఊరి మొహం చూడడు. సీసీ రోడ్డు పక్క ఊరి దాకా వచ్చి ఆగింది. మా ఊరి బోర్డు దగ్గర్నే ఆగింది, అడుగు కూడా ఇటు రాలే.

ప్లీడర్_గుమాస్తా
దీనికి ఒక యంత్రం ఉంది. టోటలైజర్. పది పదిహేను బూత్‌ల యంత్రాలు కలిపి మొత్తం ఒక్కటే చూపిస్తుంది, ఏ ఊరు ఎటేసిందో తెలీదు. కాగితం బ్యాలెట్ల కాలంలో పెట్టెలు కలిపి లెక్కించిన రోజులున్నాయి. టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘం 2008లో అడిగింది, లా కమిషన్ 2015లో సరేనంది, కేంద్రం ఒప్పుకోలేదు. బూత్ వారీ లెక్క తెలిస్తేనే ఎక్కడ వెనకబడ్డామో చూసుకుని పనిచెయ్యొచ్చని వాదన.

పాలమూరు_కౌలు
పని చేస్తరు. మా ఊళ్లో కాదు గానీ.

లెక్కల_మాస్టారు
ఈ చర్చలో ఇంతవరకు వచ్చినవాటిలో ఇది అన్నిటికంటే పనికొచ్చే మాట. తెనాలి నాయనా, నీకు తగిలింది ఒక మాటే. వీళ్లకి రోడ్డే ఆగింది.

గుంటూరు_ఘాటు
నా పార్టీ నాదే. కానీ బూత్ లెక్క విషయంలో ఒప్పుకుంటా. మా బూత్‌లో మాకు పోయినసారి పదకొండు ఓట్లు తగ్గితే ఎవరివో పేర్లతో సహా రాసుకున్నాం. తప్పే.

సీమ_సీమటపాకాయ్
పేర్లతో సహానా! వాళ్లకి ఇప్పుడు పింఛను వస్తోందా?

గుంటూరు_ఘాటు
వస్తోంది వస్తోంది. వాలంటీర్లు లేరుగా ఇప్పుడు, సచివాలయం వాళ్లే ఇంటికెళ్లి ఇస్తున్నారు. ఇది మావాళ్ల గొప్పో వాళ్ల గొప్పో చెప్పను, చెప్తే మళ్లీ మొదలవుతుంది.

నోటా_నారాయణ
ఘాటు గారు తటస్థుడైపోతున్నాడు, ఎవరైనా పట్టుకోండి.

వరంగల్_వాణి
ప్లీడర్ గారూ, అక్కకి చెప్పాను. వకీలుని కలిశారు, జవాబు రాయించారు. కుర్రాడు మాత్రం "పిన్నీ, ఆ కార్టూను నిజంగా బాగుంది కదా" అంటున్నాడు. బాగుందిరా, మళ్లీ పంపకు అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది.

బెజవాడ_ఆటో
తెనాలి గారు ఎటు పోయారు? ప్రశ్న అడిగి మాయం.

తెనాలి_కొట్టు
అన్నీ చదువుతున్నా, కొట్లో గిరాకీ. మాస్టారి లెక్కలు, టోటలైజర్ మాట మా గ్రూపులో పెడదామని నిన్న రాత్రి టైపు చేసి పెట్టుకున్నాను. పొద్దున చూస్తే అసోసియేషన్ ప్రెసిడెంటు గ్రూపుని "అడ్మిన్లు మాత్రమే" చేసేశాడు. రాజకీయాలు వద్దట.

ఇప్పుడు రెండో లిఫ్టు ఆగిపోయింది. మా అమ్మ ఐదో అంతస్తులో ఉంది. చెబుదామంటే గ్రూపులో మెసేజ్ పోవడం లేదు. ఎదురు ఫ్లాటాయన, అదే పిల్లి అన్నాయన, ఆయనా నేనూ మెట్లెక్కి వెళ్లి ప్రెసిడెంటు తలుపు కొట్టొచ్చాం.

నోటా_నారాయణ
తీశాడా?

తెనాలి_కొట్టు
వాళ్లావిడ తీసింది. ఆయన బయటికెళ్లాడట, మెసేజ్ పెట్టమంది.